డాక్టరు గారి మాట – కంప్యూటరు వ్రాత

అమెరికా ఆసుపత్రులలో చాలామంది డాక్టర్లు రోగి వివరాలను మైకులో చెబుతారు. ఒకప్పుడు ఆ రికార్డింగులను విని టైపు చేసే పని మన హైదరాబాదులో కూడా జరిగేది. ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరే ఆ మాటలను అక్షరాలుగా మారుస్తోంది.

ఒక్కొక్కరి ఉచ్చారణ ఒక్కో తీరు. డాక్టరు గారి గొంతు వివరాలను నెట్‌వర్కులోని సర్వరులో భద్రపరిస్తే, ఆయన ఓ.పి.లో ఉన్నా, వార్డులో ఉన్నా తన పేరుతో లాగిన్ అయిన కంప్యూటరు ఆయన మాటను పోల్చుకుంటుంది. ఒకరి లాగిన్‌లో మరొకరు మాట్లాడితే తప్పులు పెరుగుతాయి.

మరి యంత్రం పొరపాటు పడదా? పడుతుంది. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 217 పత్రాలను పరిశీలించారు. కంప్యూటరు వ్రాసినదానిలో ప్రతి 100 మాటలకు 7కు పైగా తప్పులున్నాయి. మనిషి చదివి దిద్దిన తరువాత అవి 1000 మాటలకు 4కు తగ్గాయి. ‘ఫిఫ్టీన్’ అన్నది ‘ఫిఫ్టీ’ అని పడితే మందు మోతాదే మారిపోతుంది గదా!

ప్రియ పాఠకులారా, చేత్తో వ్రాసినా, కంప్యూటరు వ్రాసినా, ఇంటికి వెళ్ళేముందు మీ డిశ్చార్జి కాగితాన్ని ఒకసారి చదవండి, లేదా చదివించుకోండి. పేరు, వయసు, మందుల మోతాదు, మీకు పడని మందులు సరిగా ఉన్నాయో లేదో చూడండి. సందేహం ఉంటే సిస్టర్‌ను గాని, డాక్టరు గారిని గాని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.