ఊదే బిలాలు, కూలే గుహలు

సముద్రపుటొడ్డున, అలలు అందనంత ఎత్తున, గట్టి రాతినేలపై ఒక బాటసారి నిలిచి ఉన్నాడనుకుందాం. ఉన్నట్టుండి అతని పాదాల క్రింద నేల గర్జిస్తుంది. మరుక్షణమే ఎదుటనున్న రంధ్రం నుండి తెల్లని నీటిస్తంభం ఆకాశానికి లేస్తుంది. ఇది ఏ భూతచేష్టయో అని అతడు భ్రమిస్తే వింత లేదు. ఆంగ్లంలో దీనిని ‘బ్లోహోల్’ అంటారు. మనం ‘ఊదుబిలం’ అనుకుందాం.

ఇది ఏర్పడే విధం తెలుసుకోదగినది. తీరశిల ఎంత కఠినమైనదైనా అందులో పగుళ్లుంటాయి. అల వచ్చి తాకినప్పుడు పగులులోని గాలి నొక్కుకొనిపోతుంది. అల వెనుదిరగగానే అది ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. వేల సంవత్సరాలు సాగే ఈ ఒత్తిడికి రాయి ముక్కలై రాలిపోగా, పగులు గుహగా మారుతుంది. గుహ పైకప్పులో బలహీనమైన చోట రంధ్రం పడితే, లోపల చిక్కిన గాలీ నీరూ ఆ దారినే పైకి ఎగజిమ్ముతాయి.

ఆస్ట్రేలియాలోని కయామా పట్టణపు ఊదుబిలం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1797 డిసెంబరులో జార్జ్ బాస్ అనే నావికుడు చిన్న పడవలో తీరం వెంబడి ప్రయాణిస్తూ దీనిని చూచి, ఆ విషయం వ్రాసిపెట్టాడు. ఆగ్నేయం నుండి పెద్ద అలలు వచ్చినప్పుడు ఇందులోని నీరు 25 మీటర్ల వరకు ఎగురుతుంది. ఆ ఊరిలోనే మరొక చిన్న బిలం కలదు. దాని నోరు ఇరుకు గనుక అది తరచుగా చిమ్ముతుంది. నీటి గొట్టపు మూతిని బొటనవ్రేలితో సగం మూసి చూడండి; కారణం బోధపడుతుంది.

అయితే బిలాన్ని తొలిచిన అలలే దానిని వెడల్పు చేస్తాయి. నోరు పెద్దదైన కొలదీ ఒత్తిడి తగ్గి, చిమ్ము సన్నగిల్లుతుంది. తుదకు కప్పు కూలి పెద్ద గుంట మిగులుతుంది. అమెరికాలోని ఆరెగాన్ తీరాన గల ‘డెవిల్స్ పంచ్‌బౌల్’, ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో గల ‘డెవిల్స్ ఫ్రయింగ్ పాన్’ ఇటువంటివే. ఒకటి దయ్యపు పానపాత్ర, మరొకటి దయ్యపు మూకుడు! పని చేసినది సముద్రం, పేరు దయ్యానిది.

గుహ కొండను ఆవలి వైపుకు తొలిస్తే తోరణం ఏర్పడుతుంది. దానికీ ఇదే గతి. ఆస్ట్రేలియాలోని ‘లండన్ బ్రిడ్జి’ అనే శిలాతోరణంలో ఒక భాగం 1990 జనవరి 15న కూలగా, అవతల చిక్కుకొన్న ఇద్దరు సందర్శకులను హెలికాప్టరుతో రక్షించారు. మాల్టాలోని ‘అజూర్ విండో’ 2017 మార్చి 8న తుపానుగాలులలో నేలమట్టమైంది.

కూలుట తథ్యమని శాస్త్రం చెప్పగలదు. ఏ దినమన్నది చెప్పలేదు. కయామా బిలం దాపున 1992లో ఏడుగురిని అల ఈడ్చుకొనిపోయి ముంచివేసింది. మనం ముచ్చటపడి చూచే ఆ నీటిచిమ్ము, రాతిని లోలోపల పగులగొడుతున్న దెబ్బయే. అటువంటి చోట కంచెకు ఇవతల నిలిచి చూచేవాడే ప్రకృతిని చదువుకొన్నవాడు.