అరగని నాటి కొలత

కొత్త కారు భాగానికి ముందు డ్రాయింగు, తర్వాత ముక్క. పాత కారు దగ్గర ఆ వరస తిరగబడుతుంది. అరిగిన ముక్కే చేతికొస్తుంది, దాని డ్రాయింగును మనమే కనిపెట్టాలి. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్లు వచ్చాక కూడా ఆ కనిపెట్టే పని మనిషిదే.

పాత దినపత్రికలో చుట్టి, సంచి అడుగున పెట్టుకుని తెస్తారు దాన్ని. విప్పితే జానెడైనా లేని ఇనుప కడ్డీ. నూనె మరకలు, మధ్యలో సన్నటి గాడి, ఒక చివర అరిగి అరిగి వచ్చిన అద్దంలాంటి నునుపు. ఎప్పుడో తయారీ ఆగిపోయిన కారులోని నీళ్ల పంపు షాఫ్టు అది. విడిభాగాల కొట్లన్నీ తిరిగి, ‘ఆ మాల్ రావట్లేదు సార్’ అన్న మాట పది చోట్ల విన్నాకే ఎవరైనా ఇలా మెషిన్ షాపు గడప తొక్కుతారు.

మేట్టుపాళయంలోని ఆ షాపులో సీఎన్‌సీ లేత్ తన పని తాను చేసుకుపోతుంటుంది. గాజు తలుపు వెనక పాల రంగు కూలెంట్ చిమ్ముతుంది, ఇనుప రజను ఉంగరాలు చుట్టుకుంటూ రాలుతుంది. ఉదయం నుంచి కొత్త బళ్ల భాగాలను ఒకే అచ్చులో పోసినట్టు కోస్తున్న మెషిన్ అది. ఈ షాఫ్టునూ కోయగలదు, పది నిమిషాల పని. అయితే ఎంతకు కోయాలన్నది తేలడానికి ఒక్కోసారి పూట పడుతుంది.

కొండెక్కని మేట్టుపాళయం

మేట్టుపాళయం అనగానే మనకు ఊటీ రైలే గుర్తొస్తుంది. పట్టాల నడుమ పళ్ల కమ్మీని పట్టుకుని కొండెక్కే ఆ బుల్లి రైలు కోయంబత్తూరు వైపు మేట్టుపాళయంలో బయలుదేరుతుంది. మనం చెప్పుకుంటున్నది పుదుచ్చేరి మేట్టుపాళయం. ఇక్కడ రైలూ లేదు, కొండా లేదు. లారీల టెర్మినల్ ఉంది, ‘పిప్‌డిక్’ అని అందరూ పిలిచే ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ ఎస్టేటు ఉంది. సముద్రపు ఒడ్డున తెల్లగోడల ఫ్రెంచి వీధులు చూసి వెనుదిరిగే యాత్రికులు ఇటు రారు.

చెన్నై చుట్టుపక్కల ఇరుంగాట్టుకోట్టై, ఒరగడం లాంటి చోట్ల కార్ల ఫ్యాక్టరీలు వెలిశాక ఈ ప్రాంతమంతా విడిభాగాల పనికి అలవాటుపడింది. పెద్ద కంపెనీకి కావలసిన బుష్‌లు, పిన్నులు, ఫ్లాంజ్‌లు చిన్న యూనిట్లు కోసి ఇవ్వడాన్ని ‘జాబ్ వర్క్’ అంటారు. మెషిన్‌లో బిగించే ముక్క పేరు కూడా ‘జాబే’. ఆపరేటర్ చక్ అనే పట్టులో జాబ్ బిగిస్తాడు, సెట్టర్ టూళ్లకు ఆఫ్‌సెట్లు అనే సవరణ కొలతలు ఇస్తాడు, ప్రోగ్రామర్ దారి చెబుతాడు.

చుక్క మరిస్తే టూల్ విరుగుతుంది

ఆ దారి చెప్పే భాష చాలా పొదుపైనది. జి00 అంటే గాలిలో వేగంగా వెళ్లు. జి01 అంటే కోస్తూ తిన్నగా వెళ్లు. జి02, జి03 అంటే వంపు తిరుగు, ఒకటి గడియారపు ముల్లు దిక్కుకు, రెండోది ఎదురు దిక్కుకు. ఎం08 అంటే కూలెంట్ వదులు. ఎం30 అంటే ఇక చాలు. కడ్డీ పొడవూ వ్యాసమూ అంకెల్లో ఉంటాయి. ఆ అంకెల ప్రకారం సర్వో మోటార్లు బాల్‌స్క్రూలను తిప్పి టూల్‌ను జరుపుతాయి, ఎన్‌కోడర్లు ఎంత జరిగిందో ఎప్పటికప్పుడు తిరిగి చెబుతాయి.

ఇంత కట్టుదిట్టమైన భాష పద్యానికీ ఉంది, పుదుచ్చేరికి తెలుగు ఛందస్సుతో పాత చుట్టరికం కూడా ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై పేరనే కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణగ్రంథం రాశాడు. పద్యంలో గణం తప్పితే చెవి పట్టేస్తుంది. మెషిన్‌కు చెవి లేదు. చాలా కంట్రోళ్లలో ఎక్స్50 తర్వాత చుక్క పెట్టడం మరిచిపోతే అది యాభై మిల్లీమీటర్లు కాదు, యాభై మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. టూల్ వెళ్లి జాబ్‌ను గుద్దుకున్నాక గానీ తప్పు తెలియదు.

ఈ అంకెల భాషకు మూలం అమెరికాలో ఉంది. మిషిగన్ వాడైన జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల వంపులను అంకెలతో కోయించాలనుకున్నాడు. ఆ ఆలోచన మీద పనిచేసిన ఎంఐటీ ప్రయోగశాల 1952లో చిల్లుల టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ను చూపించింది. జపాన్‌లో ఫుజిట్సు కంపెనీ 1956లో ఇదే బాట పట్టింది. 1972లో ఆ విభాగమే విడివడి ఫానుక్ అయింది. మన షాపుల్లో చాలా మెషిన్ల మీద కనిపించే పేరు ఆ కంపెనీదే.

ముప్పావు అంగుళమా, పంతొమ్మిది మిల్లీమీటర్లా?

మళ్లీ మన షాఫ్టు దగ్గరికి వద్దాం. మైక్రోమీటర్ పెట్టి బేరింగ్ కూర్చున్న చోట కొలిస్తే 18.96 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అరిగిందని తెలుస్తూనే ఉంది. ఎంత నుంచి అరిగింది? కొత్తగా చేరిన కుర్రాడైతే దగ్గరి పూర్ణాంకం చూసి 19.00 అనేస్తాడు. అనుభవజ్ఞుడు షాఫ్టును వెలుతురులో తిప్పుతాడు. బేరింగ్ అంచు దాటాక, దేనికీ తగలని సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడ కొలిస్తే 19.04. అంటే 19 మొదటి కొలత కానే కాదు. తర్వాత కారు ఏ దేశంలో పుట్టిందో అడుగుతాడు. ఇంగ్లండు. అంగుళాల దేశం. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. చివరగా బేరింగ్ మీద చెక్కిన నంబరును కేటలాగుతో సరిపోలుస్తాడు, చిక్కు వీడుతుంది.

కుర్రాడి మాట విని 19.00కు కోసి ఉంటే బేరింగ్ లోపల యాభై మైక్రాన్ల వదులు మిగిలేది. యాభై మైక్రాన్లంటే మన వెంట్రుక మందం కన్నా తక్కువే. షాఫ్టు ఊగి, సీలు చిరిగి, నీళ్లు కారడానికి ఆ మాత్రం చాలు. మెషిన్ మాత్రం 19.00 అంటే కచ్చితంగా 19.00కే కోసేది. తప్పు కొలత ఇస్తే తప్పును కూడా అంతే కచ్చితంగా కోస్తుంది.

మన రోడ్ల మీద తిరిగిన రెండు పాత కార్లు ఈ రెండు లోకాలకూ సాక్ష్యాలు. అంబాసిడర్ పూర్వీకురాలు ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్, అంగుళాల బిడ్డ. ప్రీమియర్ పద్మినికి ఇటలీవారి ఫియట్ 1100 మూలం, మిల్లీమీటర్ల బిడ్డ. ఒకే షెడ్డులో పక్కపక్కన నిలబడినా వాటి నట్లు ఒకదానివి ఒకదానికి పట్టవు.

మర కోసే చోట ఈ తేడా ఇంకా ముదురుతుంది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో నిలబెట్టిన మర పంటి కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరకు 60. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. బలవంతంగా బిగిస్తే రెండు చుట్లు ఎక్కి మూడో చుట్టులో పళ్లు రాలతాయి. పాత చేతి లేత్‌లో అంగుళాల స్క్రూతో మెట్రిక్ మర తీయాలంటే 127 పళ్ల చక్రం ఎక్కించేవారు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కదా, దాన్ని ఐదుతో గుణిస్తే 127. రెండు కొలమానాల మధ్య రాయబారమంతా ఆ ఒక్క చక్రానిదే. సీఎన్‌సీలో దానికి బదులు ఒక్క పదం చాలు. జి20 అంటే అంగుళాలు, జి21 అంటే మిల్లీమీటర్లు. మీటరును పుట్టించిన ఫ్రాన్స్ 1954 దాకా ఏలిన ఊళ్లో ఇంగ్లీషు అంగుళానికి జి20 అని టైపు చేయడంలో చిన్న చమత్కారం ఉంది.

ఆకారం ఒక్కటే చాలదు

కొలత దొరికితే సగం పనే అయినట్టు. మిగతా సగం లోహానిది. షాపుల్లో మామూలుగా నలిగే పేర్లు ఈఎన్8, ఈఎన్24. మొదటిది మధ్యరకం కార్బన్ ఉక్కు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన రెండోది బరువు మోసే షాఫ్టులకు వాడేది. కోసి పక్కన పెడితే రెండూ ఒకలాగే మెరుస్తాయి. హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత, బరువు పడినప్పుడు తేడా బయటపడుతుంది. అందుకే స్టీరింగ్, బ్రేకు, చక్రపు ఇరుసుల పనిని తెలిసినవాళ్లు సర్టిఫికెట్ లేని ఉక్కుతో ఒప్పుకోరు.

పోత ఇనుము ముక్కను ‘తేలిగ్గా ఉంటుంది’ అని అల్యూమినియంలో కోయించడం మరో పొరపాటు. వేడికి అల్యూమినియం పోత ఇనుము కన్నా రెట్టింపు సాగుతుంది. వంద డిగ్రీలు పెరిగితే వంద మిల్లీమీటర్ల అల్యూమినియం సుమారు 0.23 మిల్లీమీటర్లు పెరిగితే, ఇనుము 0.11 దగ్గరే ఆగుతుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా కుదిరింది ఇంజిన్ వేడెక్కాక పట్టేస్తుంది, లేదా వదులవుతుంది.

కొత్త కార్ల పనిలో ఇవన్నీ ఎవరో ముందే తేల్చి ఉంటారు. డ్రాయింగులో 25 హెచ్7 అని ఉంటే రంధ్రం 25.000 నుంచి 25.021 లోపు ఉండాలి, అంతే. అక్కడి పరీక్ష వేరు. మొదటి ముక్క ఎలా ఉందో పదివేలో ముక్కా అలాగే ఉండాలి. టూల్ కొనలోని ఇన్సర్ట్ అరిగే కొద్దీ నాలుగైదు మైక్రాన్ల చొప్పున ఆఫ్‌సెట్ మారుస్తూ, గో నో-గో గేజితో చూస్తూ పోవాలి. అక్కడ నిలకడ కావాలి, ఇక్కడ ఆరా కావాలి. మెషిన్ ఒకటే అయినా పనివాడి బుర్ర పూటకో రకంగా పనిచేయాలి.

మన బాలానగర్, మన ఆటోనగర్

తెలుగు నేలకు ఈ విద్య కొత్త కాదు. సికింద్రాబాద్‌లో 1943లోనే ప్రాగా టూల్స్ మొదలైంది. బాలానగర్‌లో 1968లో వచ్చిన సీఐటీడీ టూల్ డిజైన్ నేర్పుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్, హోనింగ్, క్రాంక్ గ్రైండింగ్ షాపులు లారీ ఇంజిన్లకు మళ్లీ మళ్లీ ఆయుష్షు పోశాయి. ‘పది థౌ, ఇరవై థౌ’ అని అక్కడి మేస్త్రీ అంటే అంగుళంలో వెయ్యో వంతు లెక్క. దేశం మెట్రిక్‌కు మారి అరవై ఏళ్లు దాటినా ఆ అంగుళం ఇంకా ఆయన నాలుక మీదే ఉంది.

పాత బళ్ల మీద మోజూ మనకు తక్కువేం కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ముందు జనం ఇప్పటికీ ఆగిపోతారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు ఇరవై వేల రూపాయలు. షరతు ఒకటుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. దొరికిన కొత్త ఇంజిన్ ఇరికించి నడిపించే దారి దాంతో మూసుకున్నట్టే. పాతది పాతగానే బతకాలంటే, అరిగిన ముక్కను పుట్టినప్పటి కొలతకు తేవడమొక్కటే దారి.

విద్యుత్ కార్లు పెరిగే కొద్దీ పిస్టన్లు, వాల్వులు, క్రాంకుల పని తగ్గుతుంది. ఒక్క ముక్క కోసం వచ్చే పాత కారు యజమాని ఆ లోటు పూడ్చలేడు. ఒక్కదానికి సెట్టింగ్ పెట్టడమంటే ఆ పూట వందల ముక్కల రాబడి వదులుకోవడమే. అయినా కొందరు ఒప్పుకుంటారు. రోజంతా ఒకరి డ్రాయింగుకు తలూపే పనిలో, తానే డ్రాయింగు గీసే అవకాశం ఎప్పుడోగానీ రాదు.

కొత్త షాఫ్టు చేతికొచ్చాక పాతదాన్ని పాత ఇనుము కొట్టులో వేయాలనిపిస్తుంది. వేయకండి. తగలని చోట మిగిలిన ఆ సన్నటి పట్టీ వల్లే కొలత దొరికింది. మీ కొత్త షాఫ్టూ ఒకనాటికి అరుగుతుంది. అప్పటికి ఈ షాపు ఉండకపోవచ్చు, ప్రోగ్రాం దాచిన కంప్యూటరూ ఉండకపోవచ్చు. పాత ముక్కకు కాస్త నూనె రాసి, అదే దినపత్రికలో చుట్టి, పైన ‘ముప్పావు అంగుళం’ అని రాసి పెట్టండి.