కంప్యూటర్ల సంభాషణలో పొరలు

ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరుకు ఛాయాచిత్రమును పంపుటలో ఎన్ని చిక్కులు కలవో గమనింపుడు. చిత్రమును అంకెలుగా మార్చవలెను. ఆ అంకెలను తీగలో విద్యుత్తుగానో, గాజుపోగులో కాంతిగానో, గాలిలో రేడియో తరంగములుగానో నడిపింపవలెను. దారి వెదకవలెను. దారిలో పోయినదానిని మరల తెప్పింపవలెను. ఇన్ని పనులును ఒకే ప్రోగ్రాము చేయవలసివచ్చినచో, తీగ మారినప్పుడెల్ల దానిని తిరిగి వ్రాయవలసియుండును. అందుచేత పనిని పొరలుగా విభజించిరి. ప్రతి పొరయు తన క్రింది పొర సేవను కోరును; ఆ సేవ ఎట్లు జరుగునో దానికి తెలియనక్కరలేదు.

1984 లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన నమూనాలో ఏడు పొరలు కలవు. పాఠ్యపుస్తకములు నేటికిని దానినే బోధించుచున్నవి. ఆచరణలో నెగ్గినది మాత్రము వేరొకటి. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974 లో ప్రతిపాదించిన పద్ధతినుండి పెరిగి, 1983 జనవరి 1 న అమెరికాలోని ఆర్పానెట్ స్వీకరించిన టి.సి.పి., ఐ.పి. విధానమది. ఇందు పొరలు నాలుగే. ఏడింటి పేర్లు వల్లించుటకంటె ఈ నాలుగింటి పని గ్రహించుట విద్యార్థికి మేలు.

పైన మనము వాడు ప్రోగ్రాము, దాని క్రింద టి.సి.పి., ఆ క్రింద ఐ.పి., అట్టడుగున ఈథర్నెట్ వంటి మార్గము ఉండును. పంపవలసినది 1,46,000 బైట్లనుకొందము. ఈథర్నెట్ సాధారణముగా ఒక విడతకు 1,500 బైట్లకు మించి మోయదు. అందులో టి.సి.పి. గుర్తులకు 20, ఐ.పి. చిరునామాలు మొదలగువానికి 20 బైట్లు కనీసము పోవును. మిగిలినవి 1,460. కనుక చిత్రము 100 ముక్కలగును. ఏ ముక్క ఎన్నవ బైటుతో మొదలగునో టి.సి.పి. దానిపై వ్రాయును. ఐ.పి. దానిని గమ్యమువైపు త్రోయును గాని చేరునని హామీ ఈయదు. చేరినట్లు జవాబు రానిచో టి.సి.పి. యే మరల పంపును.

ఈ మరల పంపుటయే ఒకప్పుడు పెద్ద ముప్పు తెచ్చెను. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ, సెకనుకు 32,000 బిట్లుగా నుండిన వేగము 40 బిట్లకు పడిపోయెను. రెండింటికి దూరము సుమారు 400 గజములే! రద్దీవలన రౌటర్లు ముక్కలను జారవిడిచెను. కంప్యూటర్లు తొందరపడి వానిని మరల మరల పంపెను. దానితో రద్దీ మరింత హెచ్చెను. వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ అనువారు దీనికి విరుగుడు కనిపెట్టి 1988 లో ప్రకటించిరి. ముక్క పోయినచో వేగమును వెంటనే తగ్గించి, జవాబులు వచ్చుకొలది మెల్లగా పెంచవలెను. ఇందుకై మార్చినది ఇరుకొనలనున్న టి.సి.పి. ని మాత్రమే. తీగలు మార్చలేదు, రౌటర్లు మార్చలేదు, ఉత్తరములు పంపు ప్రోగ్రాములను ముట్టుకొనలేదు. పొరలు లేకున్న ఇది సాధ్యమయ్యెడిది కాదు.

అయితే పొరల నడిమి గోడ చూపును కూడ అడ్డగించును. వైఫై వంటి నిస్తంత్రీ మార్గములో ముక్క పోవుట తరచు రద్దీవలన కాదు, తరంగముల కలతవలన. క్రింద జరిగినది ఎరుగని టి.సి.పి. దానిని రద్దీయని తలచి అనవసరముగా నెమ్మదించును. అందుచేత వైఫైలో అడుగుపొరయే జవాబు రాని ముక్కను తానుగా కొన్నిమార్లు తిరిగి పంపును. ఆ విధముగా, పుస్తకములోని పటమున ఒక పొరకు వ్రాసిన పనిని నేడు రెండు పొరలు చేయుచున్నవి.