తట్ట నుంచి ల్యాబు దాకా: కాంక్రీటు పనివారి దారి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 నాటి వృత్తుల వర్గీకరణలో కాంక్రీటు పోసి, కూరి, పైభాగాన్ని తీర్చిదిద్దేవారికి 7114 అనే సంఖ్యను, కట్టడాల దగ్గర మోత పని, తవ్వకం పని చేసే కూలీలకు 9313 అనే సంఖ్యను కేటాయించింది. మొదటి అంకె 7 అయితే అది నేర్చుకుని చేయవలసిన వృత్తి అనీ, 9 అయితే ప్రాథమిక శ్రమ అనీ అర్థం. 2015లో వెలువడిన భారతీయ వృత్తుల వర్గీకరణ కూడా ఈ చట్రాన్నే ఆధారం చేసుకున్నది. అయినా తెలుగు రాష్ట్రాలలో ఏళ్ల తరబడి స్లాబులు వేసిన మనిషిని సైటులో ‘లేబర్’ అనే పిలుస్తారు. కనీస వేతనాలు నైపుణ్యం లేనివారికి, ఉన్నవారికి వేరువేరుగా నిర్ణయమవుతాయి కనుక, ఆ పిలుపు ప్రభావం నేరుగా కూలి డబ్బుల మీద పడుతుంది.

ఈ పనిలో నైపుణ్యమంతా పని పూర్తయ్యాక కంటికి కనిపించని చోట ఉంటుంది. సిమెంటుకూ నీటికీ మధ్య ఉండే నిష్పత్తే కాంక్రీటు బలాన్ని ప్రధానంగా నిర్ణయిస్తుందని పరిశోధకుడు డఫ్ అబ్రామ్స్ 1918లో షికాగోలో నిరూపించాడు. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, సులువుగా జారడానికి సైటులో అదనంగా పోసే నీరు ఆ తరువాత ఆవిరైపోయి, లోపల సన్నని రంధ్రాలను మిగులుస్తుంది. కాంక్రీటు రకాన్ని తెలిపే ఎం20 అనే గుర్తుకు అర్థం, 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఘనం ఒకటి 28 రోజుల తరువాత ప్రతి చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలని. ఇనుము కూర్చిన కాంక్రీటుకు అంతకన్నా తక్కువ రకం పనికిరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 నిర్దేశిస్తున్నది. మాలు గట్టిగా ఉందని ఇంకో బకెట్ నీళ్లు పోయించేవాడు, ఈ లెక్క తెలియకపోతే, ఇంజనీరు గీసిన డిజైనును మొత్తంగా మార్చేసినట్లే.

కూరడం ఇంకా సూక్ష్మమైన విద్య. సూది వైబ్రేటరును నిలువుగా దించి, గాలి బుడగలు పైకి రావడం ఆగగానే నెమ్మదిగా పైకి తీయాలి. తొందరపడితే కంకర మధ్య ఖాళీలు మిగిలి, సైటు భాషలో తేనెపట్టు అనే లోపం ఏర్పడుతుంది. అతిగా ఉంచితే కంకర అడుగుకు దిగి, నీరూ సిమెంటూ పైకి తేలతాయి. కాంక్రీటును మీటరున్నరకు మించిన ఎత్తు నుంచి జారవిడిచినా ఇదే ముప్పు. పోత ముగిశాక తడి ఆరకుండా కాపాడే క్యూరింగును సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటుకు 10 రోజులు కొనసాగించాలి. 4.5 మీటర్ల లోపు వెడల్పున్న స్లాబు కింది పోట్లను 7 రోజులకు, అంతకన్నా వెడల్పైన స్లాబు పోట్లను 14 రోజులకు ముందు తీయకూడదు. అద్దె సెంట్రింగ్ సామానును త్వరగా తిరిగి అప్పగించాలనే ఆరాటం ఈ నియమానికి పెద్ద శత్రువు.

ఇవన్నీ తరతరాలుగా మేస్త్రీ చేతి కింద నేర్చుకున్నవే. పాలమూరు జిల్లా నుంచి గుంపు మేస్త్రీల వెంట అడ్వాన్సులు తీసుకుని దేశమంతటా ఆనకట్టల పనులకు వెళ్లిన కూలీల చరిత్ర ఈ శిక్షణకు ఉన్న శక్తినీ లోపాన్నీ ఒకేసారి చూపుతుంది. చేతికి పని వస్తుంది, కంటికి మాలు పదును తెలుస్తుంది; అయితే కారణం తెలియకపోవడం వల్ల ఒక మేస్త్రీ చేసిన పొరపాటు శిష్యుల ద్వారా పది సైట్లకు పాకుతుంది. అంతకు మించి, ఇంతకాలం నేర్చిన పనికి కాగితం మీద సాక్ష్యం ఉండదు.

ఆ సాక్ష్యం ఇచ్చే సంస్థలు లేకపోలేదు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ పని, కడ్డీలు వంచడం, సెంట్రింగ్ వంటి పనులలో స్వల్పకాలిక శిక్షణ ఇస్తున్నది. ఐటీఐలలో ఎనిమిదో తరగతి చదివినవారికి ఏడాదిపాటు సాగే మేసన్ కోర్సు ఉంది. ఇప్పటికే పని వచ్చినవారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పూర్వాభ్యసన గుర్తింపు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో భాగం. అయితే ధ్రువపత్రం సాధించినవారికి కూలి పెంచాలన్న షరతు కాంట్రాక్టు పత్రాలలో లేనంతవరకు, రెండు రోజుల కూలి వదులుకుని పరీక్షకు రమ్మంటే కార్మికుడు వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు. గత 12 నెలల్లో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల వయసువారికి 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం కింద సంక్షేమ బోర్డులో నమోదు అవకాశం కల్పించారు. నమోదు కోసం పోగుచేసే పని రుజువులు అనుభవానికీ దాఖలాగా పనికివస్తాయి కనుక, వృత్తిలో చేరినవారు మొదటి ఏడాదే ఆ పని పూర్తిచేసుకోవడం మేలు.

యంత్రాలు వచ్చాక ఈ వృత్తిలో పైకెదిగే మెట్ల రూపమే మారింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ వేలాది చేతులు పేర్చిన రాతి కట్టడం కాగా, పోలవరం స్పిల్‌వే దగ్గర 2019 జనవరిలో 24 గంటల్లోనే 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ స్థాయి పనికి కావలసింది మిక్సింగ్ ప్లాంటు నడిపేవారు, ట్రాన్సిట్ మిక్సరు డ్రైవర్లు, పంపు ఆపరేటర్లు. ప్లాంటులో నింపిన సరుకును సాధారణంగా 2 గంటల లోపు దింపేయాలి కనుక, నగరపు ట్రాఫిక్‌ను అంచనా వేయడం కూడా ఈ ఉద్యోగాలలో ఒక నైపుణ్యమే. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి కూడా ‘నిర్మాణ కూలీ’ అనే వీసా కన్నా యంత్రం పేరో, నిర్దిష్ట పని పేరో ఉన్న ఒప్పందమే లాభదాయకం. తెలంగాణలో ప్రభుత్వమే నడిపే టామ్‌కామ్ వంటి సంస్థ ద్వారా గాని, నమోదైన ఏజెంటు ద్వారా గాని కాక మరొకరి మాట నమ్మి వెళ్లడం ప్రమాదకరం.

పై మెట్టుకు మరో దారి పాలిసెట్ రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా చేయడం. ఆపై ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా ఉన్నవారికి సైటు సూపర్‌వైజరు, నాణ్యతా పరీక్షల టెక్నీషియను కొలువులు దొరుకుతాయి. వారిలో అనేకులకు తట్ట మోసిన అనుభవం ఉండదు, తట్ట మోసినవారికి డిప్లొమా ఉండదు. ఈ రెండింటి నడుమ వంతెన లేకపోవడమే ఈ రంగంలో అసలు కొరత.

ఆ కొరత స్త్రీల విషయంలో మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. తలమీద మాలు మోసే పని ప్రధానంగా వారిదే అయినా, వైబ్రేటరు గాని తాపీ గాని వారి చేతికి అరుదుగానే వస్తుంది. పంపు వచ్చినచోట ఆ మోత పని కూడా పోతుంది. అదే సైటులోని ల్యాబు పనికి మాత్రం కండబలం అడ్డంకి కాదు. మాలు జారుడును 300 మిల్లీమీటర్ల ఎత్తున్న గరాటులాంటి అచ్చుతో కొలవడం, ఘనాలు నింపడం, మర్నాడు అచ్చు విప్పి నీటి తొట్టిలో ఉంచడం, వాటిమీద తేదీ, కాంక్రీటు రకం, పోసిన చోటు రాయడం కొద్ది వారాల్లో నేర్చుకోదగినవి. ఒక్కో ఘనం బరువు దాదాపు 8 కిలోలు, మాలు నింపిన తట్ట అంతకన్నా చాలా బరువు.