మేపుల్ పాకం: ఇంటి పెరట్లో ఒక రవాణా పాఠం

మొక్కలో దారువు నీటిని పైకి తీసుకుపోతుందని, పోషక కణజాలం ఆకుల్లో తయారైన చక్కెరను మిగతా భాగాలకు చేరవేస్తుందని ఇంతకుముందు భాగంలో చదివారు. తాటి గెల కొనను కోసినప్పుడు కారే నీర పోషక కణజాలం నుంచి వచ్చేదే. అయితే ఈ సూత్రానికి పూర్తిగా లొంగని చెట్టు ఒకటుంది. కెనడాలోని క్విబెక్, అమెరికాలోని వెర్మాంట్ వంటి చలి ప్రాంతాల్లో పెరిగే చక్కెర మేపుల్, ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడ్డ రోజుల్లో, దారువు నుంచే తియ్యటి రసం ఇస్తుంది. యూరోపియన్లు రాకముందే అక్కడి ఆదివాసులు ఈ రసాన్ని వాడుకునేవారు. పెరట్లో రెండు మూడు చెట్లున్నవారు ఈనాటికీ చలికాలం చివర ఇంట్లోనే పాకం కాచుకుంటారు.

రసం ఎందుకు కారుతుంది?

వేసవిలో తయారైన ఆహారం కాండంలో పిండిపదార్థంగా నిలవ ఉంటుంది. చలికాలంలో అందులో కొంత సుక్రోజ్‌గా మారి దారువులోని నీటిలో కలుస్తుంది. కానీ చక్కెర ఉన్నంత మాత్రాన రసం బయటికి రాదు. దానికి ఒత్తిడి కావాలి. మేపుల్ దారు నారల లోపల నీటికి బదులు వాయువు ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 0 డిగ్రీల కిందికి దిగినప్పుడు ఆ వాయువు కుంచించుకుపోతుంది, నారల లోపలి గోడలపై మంచు పేరుకుంటుంది. ఆ లోటు తీర్చడానికి నీరు వేళ్ల నుంచి పైకి లాగబడుతుంది. పగలు ఎండ తగిలి మంచు కరిగితే వాయువు వ్యాకోచించి నీటిని నాళాల్లోకి నెడుతుంది. అప్పుడు కాండానికి చిన్న రంధ్రం ఉంటే రసం కారుతుంది. కాబట్టి రాత్రి గడ్డకట్టే చలి, పగలు కరిగించే వెచ్చదనం రెండూ కావాలి. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య కొద్ది వారాలే ఇది సాధ్యం. మన ప్రాంతంలో మేపుల్ నాటి పెంచినా రసం కోసం ఎదురుచూడటం వృథా అని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

రంధ్రం, రసం

కాండం వ్యాసం 30 సెంటీమీటర్లకు తగ్గని చెట్టునే ఎంచుకోవాలి. అలాంటి చెట్టుకు ఒక్క రంధ్రం చాలు. సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతు ఉండాలి. రసం వెలుపలికి జారడానికి రంధ్రాన్ని కొద్దిగా ఏటవాలుగా తొలుస్తారు. అందులో గొట్టం బిగించి, మూత ఉన్న బకెట్ తగిలిస్తారు. సీసంతో అతికిన పాత డబ్బాలు వాడకూడదు. మరుసటి ఏడు అదే చోట తొలిస్తే ఫలితం ఉండదు. మన చర్మంలాగా చెట్టు గాయాన్ని కొత్త కణాలతో పూడ్చదు. గాయం చుట్టూ ఉన్న దారువును మూసివేసి వేరుచేస్తుంది. అక్కడి నాళాలు ఇక పనిచేయవు. అందుకే కొత్త రంధ్రం పాతదానికి ఎడంగా ఉండాలి.

రసాన్ని పాలలాగే చూసుకోవాలి. చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లో కాచకపోతే పాడవుతుంది. మొగ్గలు ఉబ్బడం మొదలైతే సేకరణ ఆపాలి, ఆ తరవాతి రసంతో కాచిన పాకం రుచి బాగుండదు.

కాచడం: లెక్క చేసి చూడండి

రసంలో చక్కెర సుమారు 2 శాతమే. నోట్లో పోసుకుంటే దాదాపు నీళ్లే. తాటినీరలో ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. పాకంలో మాత్రం 66 శాతం ఉండాలి. ఒక లీటరు పాకం బరువు సుమారు 1.32 కిలోలు, అందులో చక్కెర 870 గ్రాములు. లీటరు రసంలో 20 గ్రాములు కాబట్టి, దాదాపు 43 లీటర్ల రసం కావాలి. అంటే సుమారు 42 కిలోల నీరు ఆవిరి కావాలి. కిలో నీటికి బాష్పీభవన గుప్తోష్ణం 2,260 కిలోజౌళ్లు. మొత్తం దాదాపు 95,000 కిలోజౌళ్లు! ఏ వృథా లేకుండా కాల్చినా రెండు కిలోలకు పైగా వంటగ్యాస్ అయిపోతుంది. నిజమైన పొయ్యి మీద ఇంకా ఎక్కువే.

అందుకే చాలామంది ఆరుబయట కట్టెల పొయ్యి పెట్టుకుంటారు. వంటింట్లో కాస్తే అంత ఆవిరీ గోడలకే పడుతుంది. లోతైన గిన్నె కన్నా వెడల్పాటి పళ్లెం వంటి పాత్ర మేలు, ఉపరితలం పెరిగితే ఆవిరి త్వరగా పోతుంది. ఇంకో ఉపాయం ఉంది: రాత్రి బకెట్‌లో పైన కట్టిన మంచుపలకను తీసి పారేయడం. మంచులో చక్కెర చాలా తక్కువ, కాబట్టి ఖర్చు లేకుండానే కొంత నీరు తొలగినట్లే.

మేపుల్ రంగు, వాసన చెట్టులో లేవు. అవి పాత్రలోనే, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి చర్య జరపడంవల్ల పుడతాయి. ఋతువు చివరి రసంలో సూక్ష్మజీవులు సుక్రోజ్‌ను కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి ఉంచుతాయి కనుక ఆ పాకం మరింత ముదురుగా వస్తుంది.

ఎక్కడ ఆపాలి?

మొత్తం పనిలో చేయి తిరిగినవారిని కూడా తికమకపెట్టేది ఇదే. తొందరగా దింపితే పాకం పులుస్తుంది, బూజు పడుతుంది. ఆలస్యమైతే సీసాలో చక్కెర స్ఫటికాలు కడుతుంది, లేదా రెండు నిమిషాల్లో మాడిపోయి పాత్రతో సహా పోతుంది. బెల్లం వండేవారి కంటి అంచనా అనుభవంతో వస్తుంది. కొత్తవారు థర్మామీటరునే నమ్మాలి. ద్రావితం పెరిగేకొద్దీ ద్రావణం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని మీకు తెలుసు. నీరు మరిగే ఉష్ణోగ్రత కన్నా 4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువకు చేరగానే పాకం సిద్ధమైనట్లు. ముందుగా ఆ రోజు, ఆ చోట నీరు ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతుందో కొలిచి పెట్టుకోవాలి.

దింపిన పాకంలో సన్నని ఇసుకలాంటి మడ్డి కనిపిస్తుంది. అది చాలావరకు కాల్షియం మాలేట్; రసంలోని ఖనిజాలే గాఢత పెరిగి అడుగుకు దిగుతాయి. మందపాటి ఉన్నిగుడ్డలో వేడిగా ఉండగానే వడకట్టి, సుమారు 85 డిగ్రీల వద్ద శుభ్రమైన సీసాల్లో నింపి మూత బిగించాలి. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రసంలో 3 శాతం చక్కెర ఉంటే ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కావాలి? (సమాధానం: సుమారు 29)

2. ఎత్తైన కొండ ప్రాంతంలో ఒకరు పాకం సరిగ్గా 104 డిగ్రీలకు చేరేదాకా కాచారు. సీసా అడుగున స్ఫటికాలు కట్టాయి. కారణం రాయండి.