బయాప్సీ రిపోర్టులో ‘మెటాప్లేసియా’ అని ఉంటే...

ఎండోస్కోపీలో జీర్ణాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘ఇంటస్టైనల్ మెటాప్లేసియా’ అని వచ్చింది. ఇది క్యాన్సరా? కాదు. జీర్ణాశయ కణాలు పేగు కణాల్లా మారాయని అర్థం. మైక్రోస్కోపులో చూస్తే జిగురు నింపుకుని ఉబ్బిన గాబ్లెట్ కణాలు కనిపిస్తాయి. ఇవి పేగుల్లో ఉండాల్సినవి.

మరి ఇక్కడికెలా వచ్చాయి? వలస రాలేదు, ఇక్కడే తయారయ్యాయి. మన కణాల్లో దాదాపు అన్నింటిలోనూ అవే సుమారు 20,000 జన్యువులుంటాయి. ఎక్కడ ఏది పనిచేయాలో పిండదశలోనే చాలావరకు ఖాయమవుతుంది. నాలుగో వారంలో జీర్ణవ్యవస్థంతా ఒకే గొట్టం. దాని పైభాగంలో సాక్స్‌2 అనే జన్యువు, కిందిభాగంలో సీడీఎక్స్‌2 పనిచేస్తాయి. సీడీఎక్స్‌2 పనిచేసిన చోట పేగు తయారవుతుంది. జీర్ణాశయంలో మాత్రం అది జీవితాంతం మౌనంగా ఉండాలి.

దాన్ని లేపేదేమిటి? ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఏళ్ల తరబడి అది కలిగించే వాపుతో సొంత కణాలు నశించి, పేగు జన్యువు పనిలోకి దిగుతుంది. ఎలుకల జీర్ణాశయంలో సీడీఎక్స్‌2ను పనిచేయిస్తే అక్కడ పేగు పొర ఏర్పడిందని 2002లో శాస్త్రవేత్తలు చూపించారు.

అయితే క్యాన్సర్ తప్పదా? నెదర్లాండ్స్‌లో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులున్న 92,000 మందికి పైగా రికార్డులను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మెటాప్లేసియా ఉన్నవారిలో క్యాన్సర్ వచ్చినవారు ఏడాదికి 0.25 శాతం. నలుగురేసి ఉండే వంద ఇళ్ల కాలనీలో అందరికీ ఈ మార్పు ఉందనుకుంటే, ఏడాదికి ఒక్కరికి. కణాల రూపం, అమరిక బాగా చెడిన తీవ్ర డిస్‌ప్లేసియా దశకు చేరితే మాత్రం అదే లెక్క 6 శాతం, అంటే 24 మంది.

అంత తక్కువైతే పట్టించుకోవడమెందుకు? 2022లో ప్రపంచంలో సుమారు 9.7 లక్షల మందికి కొత్తగా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది, 6.6 లక్షల మంది దానితో చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోవడానికి పెద్ద కారణం ఆలస్యంగా బయటపడటమే. మెటాప్లేసియా దశలోనే తెలిసిందంటే మన చేతిలో సమయముందన్నమాట.

ఏం చేయాలి? పైలోరీ పరీక్ష చేయించుకోండి. ఉందని తేలితే యాంటీబయోటిక్స్ కోర్సు మధ్యలో ఆపకండి. పొగ మానండి, ఉప్పు తగ్గించండి. మార్పు ఎంత మేర వ్యాపించింది, మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడు అని డాక్టరును అడగండి. విస్తారంగా ఉంటే మూడేళ్లకోసారి చూడాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఆ గడువు కోసం ఆగకండి, వెంటనే వెళ్లండి.