నటాల్ యుద్ధభూములు

నటాల్ యుద్ధభూములు దక్షిణ ఆఫ్రికా తూర్పు భాగమున క్వాజులు-నటాల్ రాష్ట్రపు ఉత్తర ప్రాంతములో ఉన్న చారిత్రక పర్యాటక ప్రదేశాలు. డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాలకు తూర్పున, తుగేలా, బఫెలో నదుల పరీవాహక ప్రాంతములో ఇవి విస్తరించి ఉన్నాయి. లేడీస్మిత్, డండీ, న్యూకాసిల్ ఇక్కడి ముఖ్య పట్టణాలు. పట్టణాలు దాటితే కనిపించేవి గడ్డి మైదానాలు, బల్లపరుపు కొండలు, పశువుల మందలు, పాత బొగ్గు గనులు మాత్రమే.

1838 నుండి 1900 వరకు అరవై యేండ్ల కాలములో జులూలు, బోయర్లు (డచ్చి సంతతి రైతులు), బ్రిటిషువారు ఈ నేల కొరకు పలుమార్లు యుద్ధము చేశారు. ఆ పోరాటాల గుర్తులే నేటి దర్శనీయ స్థలాలు. అయితే చాలాకాలము వరకు ఇక్కడి శిలాఫలకాలపై ప్రధానముగా తెల్లవారి పేర్లే ఉండేవి. ఇతరుల జ్ఞాపకచిహ్నాలు చాలా ఆలస్యముగా వచ్చాయి. ఏ స్మారకము ఎవరిది, ఎప్పుడు కట్టారు అని గమనిస్తూ చూసిన యాత్రికునికి ఈ ప్రాంతము బాగా అర్థమవుతుంది.

ఎన్‌కోమే నది - రెండు ఒడ్లు

1838 డిసెంబరు 16న ఎన్‌కోమే నది ఒడ్డున ఆండ్రీస్ ప్రిటోరియస్ నాయకత్వములో సుమారు 470 మంది బోయర్లు తమ బండ్లను వలయముగా నిలిపి, రాజు డింగానే పంపిన జులూ సైన్యాన్ని ఎదుర్కొన్నారు. అదే సంవత్సరము ఫిబ్రవరిలో బోయర్ల నాయకుడు పీట్ రెటీఫ్‌ను, అతని అనుచరులను డింగానే చంపించుటయే ఈ యుద్ధానికి దారితీసినది. తుపాకుల ముందు బల్లేలు నిలువలేదు. మూడువేలమందికి పైగా జులూలు మరణించగా, బోయర్లలో ముగ్గురు మాత్రము గాయపడ్డారు. నెత్తురుతో నీరు ఎర్రబారినదని బోయర్లు దీనికి 'రక్తనది' అని పేరు పెట్టారు.

నేడు ఒక ఒడ్డున నిజమైన బండ్ల పరిమాణములో పోతపోసిన 64 కంచు బండ్లు వలయాకారములో నిలిచి ఉన్నాయి. ఎదుటి ఒడ్డున ఎద్దు కొమ్ముల వ్యూహాన్ని తలపించే ఆకారములో కట్టిన ఎన్‌కోమే మ్యూజియము 1998లో ప్రారంభమైనది. తరువాత రెండు ఒడ్లను కలుపుతూ ఒక వంతెన కూడా కట్టారు. ఒకే యుద్ధాన్ని గురించి రెండు ఒడ్లు రెండు కథలు చెబుతాయి. ఒక వైపే చూసి వెళ్ళిపోవుట తగదు. బోయర్ల సంతతివారు మొక్కుబడి దినముగా జరుపుకొనిన డిసెంబరు 16ను 1995 నుండి ప్రభుత్వము సయోధ్య దినముగా పాటిస్తున్నది.

ఇసాండ్ల్వానా, రోర్క్స్ డ్రిఫ్ట్

1879లో జులూ రాజ్యముపై దండెత్తిన బ్రిటిషు సేనాధిపతి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఇసాండ్ల్వానా కొండ క్రింద విడిది చేయించాడు. కందకాలు త్రవ్వించలేదు, బండ్లను వలయముగా నిలుపలేదు. పైగా సైన్యములో కొంత భాగాన్ని వెంటబెట్టుకొని శత్రువులను వెతుకుతూ వెళ్ళాడు. జనవరి 22న సుమారు ఇరవైవేల జులూ యోధులు విడిదిని చుట్టుముట్టారు. బ్రిటిషు పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. వీరిలో కొన్ని వందలమంది ఆ పక్షాన చేరిన ఆఫ్రికనులే. జులూలలోనూ వేయిమందికి తక్కువ కాకుండా మరణించి ఉంటారని అంచనా. ఆ మధ్యాహ్నము పాక్షిక సూర్యగ్రహణము కూడా పట్టినది.

మైదానములో అక్కడక్కడ సున్నము వేసిన తెల్లని రాళ్ళకుప్పలు కనిపిస్తాయి. అవి సైనికుల సామూహిక సమాధులు. గెలిచిన జులూ వీరులకు మాత్రము 120 ఏళ్ళ తరువాత, 1999లో గాని స్మారకము ఏర్పడలేదు. శౌర్యానికి బహుమానముగా ధరించే హారము ఆకారములో దానిని కంచుతో చేశారు.

కొండకు పడమటగా కొద్ది దూరములోనే రోర్క్స్ డ్రిఫ్ట్ ఉన్నది. అదే సాయంత్రము ఇక్కడి మతప్రచారకుల కేంద్రములో సుమారు 150 మంది సైనికులు మూడు, నాలుగు వేలమంది జులూలను తెల్లవారేవరకు నిలువరించారు. వారిలో 11 మందికి విక్టోరియా క్రాస్ లభించినది. 1964లో వచ్చిన 'జులూ' చలనచిత్రము వలన ఈ స్థలము ప్రపంచ ప్రసిద్ధి పొందినది. కాని ఆ చిత్రములో కనిపించే గంభీరమైన పర్వతాలు ఇక్కడివి కావు, దూరానున్న డ్రాకెన్స్‌బర్గ్‌వి.

రోర్క్స్ డ్రిఫ్ట్‌కు మరొక గౌరవమున్నది. నల్లజాతివారికి కళాశిక్షణ దొరకుట కష్టమైన వర్ణవివక్ష రోజులలో, 1960లలో ఇక్కడ ఒక కళాకేంద్రము వెలసినది. అజరియా ఎంబాతా, జాన్ ముఆఫాంగెజో వంటి ప్రసిద్ధ చిత్రకారులకు ఈ కేంద్రముతో సంబంధమున్నది. ఇక్కడి నేత తెరలు, అచ్చు చిత్రాలు చూడకుండా తిరిగి రాకూడదు.

లేడీస్మిత్, స్పియన్‌కోప్ - భారతీయులు

రెండవ బోయర్ యుద్ధములో బోయర్లు లేడీస్మిత్ పట్టణాన్ని 1899 నవంబరు 2 నుండి 1900 ఫిబ్రవరి 28 వరకు ముట్టడించారు. ఆ కష్టాలను పురభవనము ప్రక్కనున్న ముట్టడి మ్యూజియము వివరిస్తుంది. బోయర్ల పెద్ద ఫిరంగి ప్రేలినప్పుడల్లా గంట కొట్టి జనాన్ని హెచ్చరించినవాడు ప్రభుసింగ్ అను ఒప్పంద కూలీ. లార్డ్ కర్జన్ అతనికి కాశ్మీరు అంగీని బహుమతిగా పంపాడని గాంధీ వ్రాశాడు.

పట్టణాన్ని విడిపించే ప్రయత్నములో బ్రిటిషువారు 1900 జనవరి 23 రాత్రి పొగమంచులో స్పియన్‌కోప్ కొండను ఎక్కారు. రాతినేల కావడముతో కందకాలు లోతుగా త్రవ్వలేకపోయారు. మంచు విడిపోయేసరికి బోయర్ల తుపాకులకు ఎదురుగా ఉన్నారు. మరునాడు వందలమంది చనిపోయారు. ఆ కందకమే వారి సమాధి అయినది. ఇంగ్లాండులో లివర్‌పూల్ ఫుట్‌బాల్ మైదానములోని 'కోప్' గ్యాలరీకి ఈ కొండ పేరే పెట్టారు.

ఈ పోరులో బోయర్ల పక్షాన లూయీ బోథా, బ్రిటిషు పక్షాన విన్‌స్టన్ చర్చిల్, క్షతగాత్రులను మోసే భారతీయ అంబులెన్సు దళములో గాంధీ ఉన్నారు. ఆ దళములోని సుమారు 1,100 మందిలో స్వేచ్ఛగా ఉన్న భారతీయులు 300 మంది మాత్రమే, మిగిలినవారు ఒప్పంద కూలీలు. గాయపడినవారిని మోస్తూ రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు నడిచారు. యుద్ధ పతకాలు నాయకులకు మాత్రమే లభించాయి. 1860 నుండి 1911 వరకు నటాలుకు చేరిన ఒప్పంద కూలీలలో ఎక్కువమంది మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువారు. కనుక ఈ కొండ తెలుగు పాఠకులకు పూర్తిగా పరాయిది కాదు.

డండీ, న్యూకాసిల్

డండీ దగ్గరి తలానా కొండ వద్ద 1899 అక్టోబరు 20న రెండవ బోయర్ యుద్ధపు తొలి పెద్ద పోరాటము జరిగినది. అక్కడి మ్యూజియములో యుద్ధముతోపాటు బొగ్గు గనుల చరిత్ర కూడా ఉన్నది. 1913లో మూడు పౌండ్ల పన్నుకు వ్యతిరేకముగా న్యూకాసిల్ బొగ్గు గనుల భారతీయ కార్మికులు సమ్మె చేశారు. వారిని ప్రేరేపించినవారిలో తమిళ స్త్రీలు ముఖ్యులు. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీ వెంట సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లోనికి నడిచారు. నవంబరు 11న డండీ న్యాయస్థానము గాంధీకి తొమ్మిది నెలల జైలుశిక్ష విధించినది. మరుసటి సంవత్సరము ఆ పన్ను రద్దయినది.

ప్రయాణ సౌకర్యాలు

డర్బన్ నుండి లేడీస్మిత్‌కు మంచి రహదారి ఉన్నది. యుద్ధస్థలాలకు పోయే దారులు కొన్ని మట్టి బాటలు. వానకు బురద అవుతాయి. మనకు సంక్రాంతి వచ్చే రోజులలో అక్కడ వేసవి, వానలు కూడా అప్పుడే. మే నుండి ఆగస్టు వరకు పొడిగా ఉంటుంది గాని రాత్రులు చలి ఎక్కువ. డండీలో బస చేస్తే ఇసాండ్ల్వానా, రోర్క్స్ డ్రిఫ్ట్, ఎన్‌కోమేలకు వెళ్ళి రావడము సులభము. స్థానిక మార్గదర్శకుని వెంట తీసుకొనిపోవుట మంచిది. లేకపోతే చాలాచోట్ల గడ్డి, రాళ్ళు తప్ప ఏమీ కనిపించదు.